డయాలసిస్ యూనిట్‌లో కొత్త సిస్టర్లకు పని నేర్పించిన నా అనుభవం

తిరుపతిలో ఒక ప్రైవేటు ఆసుపత్రి డయాలసిస్ యూనిట్‌లో ఇన్‌ఛార్జ్ సిస్టర్‌ని. కిందటేడు బీఎస్సీ నర్సింగ్ అయిపోయి, రిజిస్ట్రేషన్ చేతికొచ్చిన అమ్మాయిలను కొందరిని మా యూనిట్‌కి వేశారు. కాలేజీ రోజుల్లో డయాలసిస్ చూసుంటారు గానీ, మెషిన్ మీద చెయ్యి వేసినవాళ్లు లేరు.

మొదటి రోజు వాళ్లను పేషెంట్ల దగ్గరికి పంపలేదు, ఆర్‌వో ప్లాంట్ గదికి తీసుకెళ్లాను. నీళ్ల గదిలో మాకేం పని అన్నట్టు చూశారు. నిమిషానికి 500 మి.లీ. అనుకుంటే నాలుగు గంటల్లో ఆ నీళ్లతోనే తయారయ్యే 120 లీటర్ల డయాలసిస్ ద్రావణం పేషెంట్ రక్తానికి పల్చటి పొర అవతల నుంచే పోతుంది. ఆ నీళ్లలో క్లోరిన్ మిగిలితే ఎర్రకణాలు పగిలిపోతాయి. టెస్టు చేసి రిజిస్టర్‌లో రాయనిదే షిఫ్ట్ మొదలుపెట్టకూడదని అక్కడే చెప్పేశాను.

తర్వాత బరువు లెక్కలు. ఒకావిడ డ్రై వెయిట్, అంటే ఒంట్లో అదనపు నీరు లేనప్పటి బరువు, 50 కిలోలు, వచ్చింది 53తో. మూడు లీటర్లూ నాలుగు గంటల్లో లాగేయొచ్చు కదా అన్నారు పిల్లలు. కిలోకి గంటకు 13 మి.లీ. దాటకుండా చూస్తాం. అంటే ఆవిడకు గంటకు 650, మొత్తం 2.6 లీటర్లు. మిగిలిన దానికి టైం పెంచాలా, వచ్చేసారికి వదలాలా అన్నది డాక్టర్‌ని అడగాలి. ఆగకుండా లాగేస్తే బీపీ పడిపోతుంది, పిక్కలు పట్టేసి మనిషి కేకలు పెడతాడు.

మామిడి సీజన్లో ఇంకో చిక్కు. దామలచెరువు వైపు నుంచి వచ్చేవాళ్లు “ఒక్క ముక్కే తిన్నా సిస్టరమ్మా” అంటారు. మామిడిపండులో పొటాషియం ఉంటుంది, కిడ్నీలు పనిచేయనివాళ్లకు అది రక్తంలో పేరుకుంటే గుండెకే ముప్పు. ఆ ముక్క ఎంతని వాదించడం దండగ. నీరసంగా కనిపిస్తే ముందు ఈసీజీ తీసి, గీతలో టి వేవ్ అనే అల నిక్కబొడుచుకుని ఉంటే డాక్టర్‌కి ఫోన్ చేయమన్నాను.

అసలు టెన్షన్ అంతా నీడిల్ దగ్గరే. డయాలసిస్ కోసం ఆపరేషన్ చేసి చేతిలో ధమనిని సిరకు కలుపుతారు, దాన్నే ఫిస్టులా అంటాం. రక్తం బయటికి రావడానికొకటి, తిరిగి వెళ్లడానికొకటి, దానికి రెండు నీడిల్స్ వేయాలి. ఐవీ క్యాన్యులా పెట్టిన చెయ్యి కూడా ఫిస్టులా నీడిల్ లావు చూస్తే వణుకుతుంది. అందుకని మొదట్లో నీడిల్ ముట్టనివ్వలేదు, వేళ్లు పెట్టి చూడటమే పని. నడుస్తున్న బోరు పైపు మీద చెయ్యి వేసినట్టు ఫిస్టులా సన్నగా అదురుతూ ఉండాలి. స్టెత్ పెడితే హోరు వినాలి. ఆ కదలిక లేదంటే నీడిల్ వేయకుండా వెంటనే డాక్టర్‌ని పిలవాలి. ఆ చేతికి బీపీ కఫ్ కట్టకూడదు.

పుత్తూరు నుంచి వచ్చే రిటైర్డ్ కండక్టర్ ఒకాయన మొహమాటం లేకుండా చెప్పేశాడు: “కొత్తపాప వద్దు మేడం, మీరే వేయండి. ఈ చెయ్యి పోతే నా గతేంటి?” ఆయన అన్నదాంట్లో తప్పేముంది? నేను బలవంతపెట్టలేదు. ఆయన వచ్చిన ప్రతిసారీ ఆ అమ్మాయిని పక్కన నిలబెట్టి ఫిస్టులా చూడమన్నాను. కొన్నాళ్లకు ఆయనే పాఠం మొదలుపెట్టాడు. “మొన్న ఇక్కడేశారు, ఈరోజు కొంచెం పైకి రా పాపా. ఒకేచోట పొడిస్తే బుడిపె కడతాది.” చివరికి ఒకరోజు చెయ్యి చాపి “సరే, వెయ్యి” అన్నాడు. నీడిల్ కొంచెం ఏటవాలుగా పెట్టి తోసింది, ట్యూబ్‌లో రక్తం కనిపించగానే వాల్చి ప్లాస్టర్ వేసింది. అప్పటిదాకా ఆ పిల్ల ఊపిరి తీసుకున్నట్టు లేదు. ఆయన మాత్రం “రెండోది కూడా నువ్వే వెయ్యి” అన్నాడు.

దొరకకపోతే లోపల తిప్పి వెతకొద్దు, సీనియర్‌ని పిలవాలి. ఈ ఒక్క విషయంలో నేను కాస్త గట్టిగానే ఉన్నాను.

మేనేజ్‌మెంట్ మాత్రం వచ్చిన కొద్ది రోజులకే వీళ్లను డ్యూటీ చార్టులో పూర్తి స్టాఫ్‌గా లెక్కేసింది. నేర్చుకునే పిల్లకు మెషిన్లు అప్పగిస్తే అలారం మోగినప్పుడు వీనస్ ప్రెషరా (రక్తం తిరిగి వెళ్లే పైపులో ఒత్తిడి), గాలి బుడగా చూసుకునే తీరిక ఉండదు, సైలెంట్ బటన్ నొక్కుతుంది. చాలా వాదించాక తొలి నెలలు లెక్కలోంచి తీయించగలిగాను.

పని వచ్చాక ఒకమ్మాయి జర్మన్ క్లాసులకని మానేసింది, ఇంకో అమ్మాయి బెంగళూరు వెళ్లింది. ఇక్కడి జీతాలు చూస్తే ఏమీ అనలేను. ఉన్నవాళ్లు ఇప్పుడు నైట్ ఎమర్జెన్సీ వస్తే సొంతంగా మెషిన్ పెడుతున్నారు. కొత్తగా చేసిన ఫిస్టులాలకు మాత్రం ఇంకా నేనూ, మా సీనియర్ టెక్నీషియనూ వేస్తున్నాం.