మొదటి గెల

సోంపేట స్టేషన్ సోంపేటలో ఉండదు, కంచిలిలో ఉంటుంది. ఈ సంగతి తెలియక చిన్నప్పుడు ఒకసారి దిగకుండా కూర్చుని జాడుపూడి దాకా పోయాను. ఈసారి మాత్రం బారువ దాటగానే సంచి భుజాన వేసుకుని తలుపు దగ్గర నిలబడ్డాను.

విజయనగరంలో బండెక్కేటప్పుడు మనసు బాగాలేదు. ఆఫీసులో నాకు రావాల్సిన ప్రమోషన్ నా కంటే నాలుగేళ్లు చిన్నవాడికి వచ్చింది. నౌపడ దగ్గర ఉప్పు మడులు, పలాస ప్లాట్‌ఫారం మీద జీడిపప్పు అమ్మేవాళ్లు, దూరంగా నీలంగా మహేంద్రగిరి అన్నీ కళ్ల ముందు నుంచే పోయాయి. నేను మాత్రం మనసులో మా పై అధికారికి ఒక పెద్ద ఉత్తరం రాసుకుంటూ కూర్చున్నాను. మా మేనత్త ఫోన్ చేసి "ఆదివారం చర్చిలో కోత పండగ, తప్పకుండా రా" అనకపోతే ఇంట్లోనే పడుకుని ఉండేవాణ్ణి.

అత్త వాళ్ల ఊరు సోంపేట దాటి సముద్రం వైపు. ఆటో ఆరోగ్యవరం ఆసుపత్రి మీదుగా వెళ్తుంటే మా తాతయ్య గుర్తొచ్చాడు. శుక్లాలకు ఆయన ఆపరేషన్ అయింది అక్కడే. కెనడా బాప్టిస్టు మిషన్ డాక్టరు బెన్ గులిసన్ సోంపేటలో కంటి ఆపరేషన్లు చేసేవారు. ఆయన పని గురించి విని కదిలిపోయిన కెనడాలోని కాల్గరీ వాళ్లు 1963లో ఆపరేషన్ ఐసైట్ అనే సంస్థ పెట్టారు. ఇప్పుడది చాలా దేశాల్లో పనిచేస్తోంది. కట్టు విప్పగానే తాతయ్య మొదట చూసింది నర్సమ్మ చేతి గాజులనట. ఈ మాట ఆయన చచ్చేదాకా చెప్పాడు.

"ఏట్రా, ఇన్నాళ్లకి తోవ తెలిసిందేటి?" అంది అత్త, కాళ్లకు నీళ్లిస్తూ.

భోజనం దగ్గర అత్త ప్రార్థన మొదలుపెడితే అన్నం చల్లారాల్సిందే. దేవుడికి వందనాలు టోకున చెప్పదు. హిరమండలం నుంచి గొట్టాల్లో వస్తున్న నీళ్లకు ఒకటి, మామయ్య డయాలసిస్ చేయించుకుని క్షేమంగా తిరిగొచ్చినందుకు ఒకటి, దొడ్లో మిగిలిన మూడు చెట్లకు ఒకటి, చివరికి నా రైలుకు కూడా ఒకటి. ఒక కన్ను తెరిచి చూస్తే మామయ్య కూడా ఒక కన్ను తెరిచి నన్నే చూస్తున్నాడు.

ఆ మూడు చెట్ల కథ నాకు సగమే తెలుసు. మిగతాది ఆ రాత్రి అరుగు మీద విన్నాను. అత్త వాళ్ల ఊరున్న ఈ ప్రాంతాన్ని ఉద్దానం అంటారు, ఉద్దానం అంటేనే ఉద్యానవనం అంటారు. అత్త వాళ్లకు నలభై రెండు కొబ్బరి చెట్లుండేవి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను తీరం దాటింది. తలుపు తీసేసరికి ముప్పై తొమ్మిది చెట్లు నేల మీద ఉన్నాయి. రోజుల తరబడి కరెంటు లేదు.

"ఆ ఆదివారం పాస్టరు అయ్యగారు బైబిల్లో హబక్కూకు చదివారు. 'అంజూరపు చెట్లు పూయకుండినను... నేను యెహోవాయందు ఆనందించెదను' అని. నాకు ఒళ్లు మండిపోనాది. అంజూరం కాదు కదరా, నావి కొబ్బరి! ఆయనకి ఒక్క చెట్టయినా ఉందేటి?"

నాలుగు నెలలు గుడి గడప తొక్కలేదట. ఇది నాకు ఎవరూ చెప్పలేదు. మా ఇంట్లో విశ్వాసానికి లెక్క చెప్పాల్సి వస్తే మొదట వినిపించేది అత్త పేరే మరి.

"మళ్లీ ఎలా వెళ్లావత్తా?"

"స్త్రీల సమాజం వాళ్లు ఒకరోజు కత్తులు పట్టుకుని వచ్చారు. వాక్యం చెప్పలేదు, ప్రార్థనా చెయ్యలేదు. దొడ్లో కమ్మలన్నీ నరికి, కుప్ప పోసి, టీ తాగి ఎల్లిపోనారు. ఆ వారం నాను ఎల్లినాను."

అప్పుడు నా ప్రమోషన్ గొడవ చెప్పాను. చెబుతుంటేనే చిన్నదైపోయింది, అదీ చిరాకే. అత్త అంతా విని, "జీతం వస్తన్నాదా?" అంది. వస్తోందన్నాను. "మరేటి" అని, మళ్లీ తనే, "బాధ పడితే పడు, తప్పేటి? నాను నాలుగు నెలలు పడలేదా" అంది.

మర్నాడు గుడి నిండా ధాన్యం కుంచాలు, గుమ్మడికాయలు, అరటి గెలలు, కాళ్లు కట్టేసిన రెండు కోళ్లు. పాడింది ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లోంచే. ఆ పుస్తకంలో పర్లాకిమిడి వైపు నుంచి వచ్చిన పురుషోత్తమ చౌదరి పాటలుంటాయి. ఆయన 1803లో పుట్టిన మనిషి. అయినా మా అత్త ఆయన పాటలు పక్కింటాయన రాసిచ్చినట్టు పాడుతుంది. వాక్యం ఫిలిప్పీయులకు నాలుగో అధ్యాయం. పౌలు బంధకాల్లో ఉండి రాసిన మాట: "నేనేస్థితిలో ఉన్నను ఆ స్థితిలో సంతృప్తి కలిగియుండ నేర్చుకొని యున్నాను."

అత్త మోచేత్తో పొడిచింది. "నేర్చుకున్నాను అన్నాడు, చూడు. పుట్టుకతో వచ్చింది అన్లేదు." ఆ తర్వాత ప్రసంగం ఏమైందో నాకు గుర్తులేదు. ఆ ఒక్క క్రియాపదం దగ్గరే ఆగిపోయాను.

ఆరాధన అయ్యాక వేలం. అత్త తెచ్చింది ఒక కొబ్బరి గెల. తిత్లీ తర్వాత 2019 వానాకాలంలో నాటిన మొక్కల్లో కాపుకొచ్చిన మొదటి చెట్టు, దాని మొదటి గెల. ఏడు కాయలు. పాట వంద రూపాయల దగ్గర మొదలైంది. చెన్నై నుంచి సెలవు మీద వచ్చిన ఒక కుర్రాడు వదలడు, నేనూ వదల్లేదు. తొమ్మిది వందలకు నాదైంది.

"బుద్ధుందేటి నీకు? అడిగితే ఇంటికాడ ఇచ్చీదాన్ని కదా!" అని అత్త దారంతా తిట్టింది. అలా తిడుతూనే పొరుగింటి ఆవిడకు తొమ్మిది వందలని రెండుసార్లు చెప్పింది.

సాయంత్రం బండికి బయల్దేరుతూ మామయ్యకు ఒక కాయ ఇవ్వబోయి ఆగిపోయాను. ఆయనకు నీళ్లు కూడా లెక్క ప్రకారమే, కొబ్బరినీళ్లు అసలు ముట్టకూడదు. ఆయనే చెయ్యి చాచి కాయ తీసుకున్నాడు. చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా ఊపాడు.

"నిండుగా ఉన్నాది, అల్లుడూ" అన్నాడు.