పొట్ట మీద మూడు వేళ్లు

కాన్పు తర్వాత పరీక్షలో, మోకాళ్లు మడిచి వెల్లకిలా పడుకున్న నన్ను తల కొద్దిగా ఎత్తమని, ఫిజియోథెరపిస్టు బొడ్డుకు పైన వేళ్లు అడ్డంగా ఆనించి చూస్తే, కండరాల మధ్య మూడు వేళ్ల ఎడం తేలింది.

గర్భంలో బిడ్డ పెరిగేకొద్దీ పొట్ట ముందరి రెండు నిలువు కండరాలను కలిపి ఉంచే కణజాలం సాగి పలుచబడుతుందని, కాన్పు తర్వాత తొలి ఎనిమిది వారాల్లో చాలామందికి ఆ ఎడం తగ్గినా కొందరికి మిగిలిపోతుందని, దీనినే డయాస్టాసిస్ రెక్టై అంటారని ఆమె ఓపికగా చెప్పారు.

బ్రాడీపేటలో మా వీధి పెద్దవాళ్లందరూ "పొట్టకు గుడ్డ బిగించి కట్టలేదా అమ్మాయ్" అని అడిగేవారు. కట్టు ఆసరా ఇస్తుంది కానీ కండరానికి బలాన్నివ్వదు. ఈ మాట బాలింతలకు ఆసుపత్రిలోనే చెప్పాలని నా గట్టి అభిప్రాయం.

పొట్ట మధ్యలో గట్టులా ఉబికించే సిటప్స్ (వెల్లకిలా పడుకుని లేచి కూర్చునే వ్యాయామం) ప్రస్తుతానికి వద్దన్నారు ఫిజియోథెరపిస్టు. ఊపిరి వదులుతూ పొట్టను మెల్లగా లోపలికి తీసుకునే వ్యాయామంతో ఈ రాత్రే మొదలుపెడుతున్నాను.