ఇది కూడా టెస్టేనా అమ్మమ్మా?

బోనాలకి గుమ్మానికి కడదామని మా అమ్మ పొద్దున్నే గుడిమల్కాపూర్ నుంచి బంతిపూలు తెప్పించింది. పెద్ద సూదికి దారం ఎక్కించి మావాడి చేతికిచ్చి "గుచ్చు బిడ్డా" అంది. వాడు సూది కింద పెట్టేశాడు.

"అమ్మమ్మా, ఇది కూడా టెస్టేనా? టైమ్ చూస్తావా?"

అమ్మకి అర్థం కాలేదు. నాకు అయింది. నా చేతిలో ఫోను, అందులో స్టాప్‌వాచ్ తెరిచే ఉంది.

గుండీలు పెట్టుకోలేకపోవడం, వంకర రాత, ఊరికే పడిపోవడం చూసి, కెనడాలో మేముండే కాల్గరీలో స్కూలువాళ్లు పరీక్షకి పంపించారు. దాని పేరు మూవ్‌మెంట్ ఏబీసీ. ఎనిమిదేళ్లవాడు చిల్లుల పలకలో పెగ్గులు పెట్టాలి, లేసు గుచ్చాలి, గోడకి కొట్టిన బంతి పట్టాలి, గీత మీద అడుగుకి అడుగు ఆనించి నడవాలి. పెగ్గులు అన్న మాట వినగానే నా మొహం పాలిపోవడం ఆ థెరపిస్ట్ చూడలేదు. లేసు దగ్గర వాడు తడబడుతుంటే, సాయం చేయకుండా నా చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను.

కడుపులో ఉన్నప్పుడు మద్యం తగిలితే చిన్నమెదడు దెబ్బతినొచ్చు. ఒంటి బ్యాలెన్స్, చేతి పట్టు తప్పేది అందుకే. అలా వచ్చే ఇబ్బందులన్నిటికీ కలిపి డాక్టర్లు పెట్టిన పేరు ఫీటల్ ఆల్కహాల్ స్పెక్ట్రమ్ డిజార్డర్. అలాగని చేతులు తడబడిన ప్రతి పిల్లాడిదీ అదే జబ్బు కాదు. దాన్ని తేల్చడానికి 2016 నాటి కెనడా మార్గదర్శకాలు చూడమన్న 10 అంశాల్లో కదలికలు ఒకటి; జ్ఞాపకం, భాష, ధ్యాస లాంటివి మిగతావి. కనీసం 3 అంశాల్లో పిల్లాడు బాగా వెనకబడి ఉండాలి, అంటే వందమందిలో అట్టడుగు ఇద్దరు ముగ్గురి వరసలో. ముఖంలో 3 గుర్తులూ, అంటే చిన్న కళ్లు, సన్నటి పైపెదవి, ముక్కు కింద గాడి లేకపోవడం, కనిపించకపోతే తల్లి తాగిందన్న నిర్ధారణ కూడా కావాలి. ఎన్ని రాత్రులు నిద్రలో వాడి ముక్కు కింద వేలితో తడిమానో! గాడి ఉంది.

అంటే సగం పరీక్ష వాడిది, సగం నాది. వాడు పెగ్గులన్నీ పెట్టాడు, ఆలస్యంగానైనా. నా వంతు వచ్చేసరికి పక్కన అత్తమ్మ ఉంది. "మా కల్చర్‌లో ఆడవాళ్లు తాగరు" అని మంచి ఇంగ్లీషులో చెప్పాను. ఏడో వారం దాకా కడుపుతో ఉన్నానని తెలియలేదు. ఆ ఏడు వారాల్లో శుక్రవారం సాయంత్రాలు ఆఫీసువాళ్లతో వైనే.

మా కల్చరట! మా నాయనమ్మ బోనాల రోజు అమ్మవారికి కల్లుసాక పోసి, తనూ ఒక ముంత తాగేది, వాకిట్లో, అందరి ముందూ. అమ్మ తరానికి అది నామోషీ అయింది. నేను విదేశం వెళ్లి గాజు గ్లాసులో తాగి, దాచుకున్నాను.

మా తల్లుల వాట్సాప్ గ్రూపులో సలహాలకి నేనే పెద్ద దిక్కు. ఆటని ఆటలా ఉండనివ్వండి, డాక్టర్ దగ్గర ఏదీ దాచకండి అంటుంటాను. మా ఇంట్లో చపాతీ పిండి కూడా థెరపీయే. ఇక రెండో సలహా సంగతి చెప్పాను కదా.

కదలికల్లో వాడికి బాగా తక్కువ వచ్చింది, ధ్యాసలో కొంచెం, మిగతావి ఫర్వాలేదు. కారణం తెలిసినా తెలియకపోయినా గుండీల సాధన అదే కదా అని సర్దిచెప్పుకుంటాను. కానీ చదువు బరువెక్కే కొద్దీ కొత్త ఇబ్బందులు బయటపడొచ్చు. అప్పుడు చూసే డాక్టర్ నేను చెప్పిన ఆ "లేదు"నే నమ్ముతారు. నేను కాపాడుతున్నది వాడినా, నన్నా?

సెప్టెంబర్‌లో మళ్లీ చూస్తారట. ఫారం మెయిల్లో వచ్చింది, అదే ప్రశ్నతో. బంతిపూల పక్కన కూర్చుని తెరిచాను.

"ఏం కాయిదం బిడ్డా అది?" అంది అమ్మ.

"స్కూలుదమ్మా."

మావాడు నా భుజం మీంచి ఫోనులోకి వంగి చూశాడు. వాడికి తెలుగు చదవడం రాదు గానీ, ఇంగ్లీషు బాగానే వచ్చు.