గుండీలు పెట్టుకోవడం వచ్చు

పన్నెండున్నర దాటింది. ఈయన పదింటికే పడుకున్నారు. చిన్నది చదువుకుంటున్నానని తలుపేసుకుంది కానీ తలుపు కింది సందులోంచి వెలుగు రంగులు మారుతోంది, ఏ పుస్తకం అలా మారుతుందో నాకు తెలీదు. మా అబ్బాయి పండు గురక ఇక్కడిదాకా వినిపిస్తోంది. నాకే నిద్ర పట్టట్లేదు. ఒకే ఒక్క వాక్యం వల్ల.

మేం కెనడా వెళ్ళి స్థిరపడడానికి కాగితాలు చూస్తున్న కన్సల్టెంటు పిల్ల, పండుని మాతో రానివ్వమని నేను రాసిన ఉత్తరాన్ని మధ్యాహ్నం తిప్పి పంపింది. ఒక్కచోటే ఎర్రగీత. నేను రాసింది ఇదీ: "మా అబ్బాయి తన చొక్కా గుండీలు తనే పెట్టుకుంటాడు." దాన్ని కొట్టేసి పక్కన, "ఇది వద్దు మేడమ్, డిపెండెన్సీ వీక్ అవుతుంది" అని. అంటే వాడు మా మీదే ఆధారపడి బతుకుతున్నాడన్న మాట బలం తగ్గుతుందట.

సాయంత్రానికి రెండో ఉత్తరం నమూనా వచ్చింది, ఆరోగ్యం గురించి పెట్టాల్సింది. దాంట్లో మొదటి పేరాలోనే: "ఇతను తన వ్యక్తిగత పనులన్నీ, ఉదాహరణకు దుస్తులు ధరించడం, స్వయంగా చేసుకోగలడు." ఒకే పిల్లాడు. ఒకే ఫైలు. ఒక కాగితంలో గుండీలు పెట్టుకోకూడదు, ఇంకో కాగితంలో పెట్టుకుని తీరాలి.

ఫోన్ చేసి అడిగితే నవ్వింది. నవ్వితే ఒళ్ళు మండింది. తప్పు ఆ అమ్మాయిది కాదని అప్పుడే తెలుసు, అయినా మండింది. రూలు అలా ఉంది మరి. కెనడా వాళ్ళ లెక్కలో 22 నిండితే కొడుకు కొడుకు కాడు, వేరే మనిషి. పండుకి ఇరవై నాలుగు, బుద్ధిమాంద్యం ఉంది. 22 నిండకముందు నుంచీ అమ్మానాన్నల డబ్బు మీదే బతుకుతూ, ఒంట్లోనో మనసులోనో ఉన్న పరిస్థితి వల్ల తన ఖర్చు తాను పెట్టుకోలేని వాడైతేనే మా కూడా వస్తాడు. అది మేం రుజువు చెయ్యాలి. స్కూలు కాగితాలు, డాక్టరు కాగితాలు, బ్యాంకు కాగితాలు, వాటి పైన తల్లి రాసిన ఉత్తరం. "పోషించుకోలేడు" అన్న మాట కనీసం మూడు చోట్ల రావాలట. మొదటిసారి టైపు చేసినప్పుడు చెయ్యి ఆగింది. మూడోసారికి కాపీ పేస్టు చేశాను.

ఆ తర్వాత అదే నోటితో, వీడి వల్ల మీ ఆసుపత్రులకి మోయలేని ఖర్చు రాదు బాబూ అని చెప్పాలి. 2025 లెక్క ప్రకారం ఏడాదికి 27,162 డాలర్లు, ఐదేళ్ళకి 1,35,810 దాటకూడదు. పండు ఫిట్స్ మాత్రలకి, ఏడాదికోసారి న్యూరాలజిస్టుకి అంత అవడానికి వాడు వెయ్యేళ్ళు బతకాలి. పైగా 2018లో ఆ గీతని అంతకుముందు ఉన్నదానికి మూడింతలు పెంచి, స్పెషల్ స్కూలు, పని నేర్పే శిక్షణ, ఇంట్లో సాయం చేసే మనిషి, ఇవన్నీ లెక్కలోంచే తీసేశారు. అందుకే ఆరోగ్యం దగ్గర భయం లేదని ఆ కన్సల్టెంటే అంది. అయినా ముందుజాగ్రత్తకి రాసి పెడదాం అంటుంది. ముందుజాగ్రత్త అన్న మాట వింటే నాకు ఈమధ్య దద్దుర్లు లేస్తున్నాయి.

సరే, గుండీల సంగతి చెప్పాలి. ఇదంతా దాని కోసమే.

పండుకి గుండీలు పెట్టుకోవడం రావడానికి ఎనిమిది నెలలు పట్టింది. తొమ్మిదో ఏట మొదలుపెట్టాం. ఈయన పాత చొక్కా ఒకటి కుర్చీ వీపుకి తొడిగాను, ఆఫీసుకి పనికిరానిది, గుండీలు కాస్త పెద్దవి. థెరపీ టీచరుగారు చెప్పిన కిటుకు ఏంటంటే, చివరి నుంచి నేర్పాలి. అంటే గుండీని కాజాలోకి నేనే దూర్చి, సగం అవతలికి వచ్చాక వదిలేయాలి. వాడు లాగితే చాలు. లాగగానే పని పూర్తయిన సంతోషం వాడిది. అది బాగా వచ్చాక, పావు మాత్రమే దూర్చి వదలాలి. ఆ తర్వాత కాజా అంచు దగ్గర పెట్టి వదలాలి. ఇలా వెనక నుంచి ముందుకి. రోజూ సాయంత్రం ఆరింటికి, ఇరవై నిమిషాలు. వాడి నాలుక ఎడమ పక్కకి బయటికొచ్చేది, అంత శ్రద్ధ. కుడి బొటనవేలుకి పట్టు తక్కువ, గుండీ జారిపోయేది. జారినప్పుడల్లా నా వైపు చూసి "పోయింది" అనేవాడు, అదేదో బావిలో పడిపోయినట్టు. కాజాలు వదులైపోయాయని ఒకసారి, మరీ బిగుతైపోయాయని ఒకసారి దర్జీ దగ్గరికి తిరిగాను, పెద్దమనిషి ఏమనుకున్నాడో. ఎనిమిదో నెలలో ఒకరోజు పొద్దున్నే స్కూలు చొక్కా వేసుకుని నేను వంటింట్లో ఉండగా వచ్చి నిలబడ్డాడు. పై నుంచి కింద దాకా, ఒక్కటి తప్పకుండా. నేను ఏడిస్తే వాడు కంగారుపడి అన్నీ విప్పేశాడు.

ఆ తర్వాత ఏడాదే సదరం క్యాంపు. వికలాంగ సర్టిఫికెట్టుకి. అప్పటి పద్ధతిలో బుద్ధిమాంద్యం కొంచెం ఉంటే 50 శాతం, మధ్యరకమైతే 75. నలభై దాటితే సర్టిఫికెట్టు ఎలాగూ వస్తుంది. కానీ వరండాలో నా పక్కన కూర్చున్నావిడ, ఆవిడ మూడోసారి రావడమట, అన్నీ తెలిసినట్టు చెప్పింది, "ఎక్కువ వేయించుకోమ్మా, రేపు ఏ స్కీము వచ్చినా శాతమే చూస్తారు" అని. లోపల ఏం అడుగుతారంటే రంగులు అడుగుతారు, డబ్బులు లెక్కపెట్టమంటారు, గుండీలు పెట్టమంటారు అంది.

అప్పుడు నేనేం చేశానో ఇన్నేళ్ళలో ఈయనకి కూడా చెప్పలేదు. పండుని పక్కకి తీసుకెళ్ళి, చెవిలో, "డాక్టరుగారు గుండీలు పెట్టమంటే పెట్టకు, రాదని చెప్పు" అన్నాను.

లోపలికి వెళ్ళాం. సైకాలజిస్టుగారు చాలా మర్యాదస్తులు, పండుతోనే మాట్లాడారు, నాతో కాదు. రంగులు చెప్పాడు, నీలానికి ఆకుపచ్చ అన్నాడు. చిల్లర తప్పు లెక్కపెట్టాడు. "గుండీలు పెట్టుకోవడం వచ్చా నాన్నా?" అన్నారు. పండు నా వైపు చూశాడు. నేను నేల వైపు చూశాను. వాడు తన చొక్కా గుండీలన్నీ విప్పి, నాలుక బయటపెట్టి, ఒక్కొక్కటీ పెట్టాడు. తర్వాత నా చేతిసంచికి ఉన్న గుండీ కూడా పెట్టాడు. తర్వాత డాక్టరుగారి కోటు వైపు చెయ్యి చాపాడు. ఆయన నవ్వి 50 వేశారు.

దారి పొడుగునా వాణ్ణి తిట్టాను. గుండీలు పెట్టుకున్నందుకు.

అందుకే ఆ కన్సల్టెంటు పిల్ల మీద కోపం నిలవట్లేదు. తను గీత కొట్టింది వాక్యం మీద. నేను చెవిలో చెప్పింది పిల్లాడికి.

అసలు ఇక్కడిదాకా రాసేసరికి నాకు ఆ 22 రూలు మీద కూడా కోపం తగ్గింది. కొన్నిచోట్ల ఆ పాటి సందు కూడా లేదు. అమెరికాలో అమ్మానాన్నల ఉద్యోగ వీసాని బట్టి ఇచ్చే హెచ్-4 వీసా మీదున్న పిల్లలకి 21 నిండితే తలుపు మూసుకున్నట్టే, ఎంత వైకల్యం ఉన్నా సరే. కెనడా కంటే ముందు ఆస్ట్రేలియా సంగతి చూశాం, అక్కడా వైద్యం ఖర్చుకి 2024 జులైలో పెట్టిన 86,000 ఆస్ట్రేలియా డాలర్ల గీత, ఒక్కరు తప్పితే చాలా వీసాల్లో ఇంటిల్లిపాదీ తప్పినట్టే. అక్కడ వికలాంగుల పట్ల వివక్ష కూడదని 1992లో చట్టం చేసుకుని, వలసల చట్టానికి మాత్రం దాన్నుంచి మినహాయింపు పెట్టుకున్నారు. ఆ ముక్క చదివిన రోజు ఈయన ల్యాప్‌టాప్ మూసేసి బయట నడిచొచ్చారు. కెనడాలోనూ ఊరికే మారలేదు. 2005లో దక్షిణాఫ్రికా కుటుంబం ఒకటి, నెదర్లాండ్స్ కుటుంబం ఒకటి, మా పండులాంటి పిల్లలున్నవాళ్ళే, సుప్రీం కోర్టుదాకా వెళ్ళి, జబ్బు పేరు చూసి కాదు, మనిషినీ వాళ్ళ ఇంటినీ చూసి తేల్చండి అనిపించుకున్నారు. ఆ తల్లులు కూడా ఏవో ఉత్తరాలు రాసే ఉంటారు.

కాబట్టి ఇరవై నాలుగేళ్ళవాణ్ణి కొడుకే అని ఒప్పుకునే రూలు అది. దయగల రూలే. దయ చూపించాలంటే ముందు దణ్ణం పెట్టమంటుంది, అంతే.

అంతే అని రాశాను కానీ అంతే కాదు. చూద్దాం.

దీనికి తోడు పెద్దొదిన ఫోను. ఎనిమిదింటికి, సరిగ్గా పండుకి మాత్ర వేసే టైముకి. "వాణ్ణి మా దగ్గర వదిలేసి వెళ్ళండమ్మా, మీరు స్థిరపడ్డాక చూసుకోవచ్చు. వాడికి అక్కడి చలి పడుతుందా? చిన్నదాని చదువు చూడాలిగా." ఈ మాట ఇది ఎన్నోసారో. ఇరవై నాలుగేళ్ళలో వాణ్ణి ఒక్క పూట, ఒక్కటంటే ఒక్క పూట, తన దగ్గర ఉంచుకున్న మనిషి కాదు. చిన్నది పుట్టినప్పుడు నేను ఆసుపత్రిలో ఉంటే, రెండు గంటలు చూడమంటే, "నాకు భయమమ్మా, ఫిట్స్ వస్తే" అని వాణ్ణి ఆసుపత్రికే తీసుకొచ్చి నా మంచం పక్కన కూర్చోబెట్టి వెళ్ళింది. ఇప్పుడు ఏళ్ళ తరబడి చూస్తుందట. చూడదు. ఎక్కడో హాస్టలు చూస్తుంది. ఆ మాట నోటితో అనదు, "మంచి సంస్థలు ఉన్నాయట" అంటుంది. ఉన్నాయట!

వదిలేసి వెళ్ళినా రూలు వదలదని ఈవిడకి నాలుగుసార్లు చెప్పాను. కూడా వచ్చినా రాకపోయినా వాడి పేరు రాయాల్సిందే, వాడికి మెడికల్ చేయించాల్సిందే. రాయకుండా దాస్తే, రేపు మనసు మారి తెచ్చుకుందామన్నా స్పాన్సర్ చెయ్యనివ్వరు. అబద్ధమని తేలితే మా అందరికీ ఐదేళ్ళు తలుపు బంద్. "అలాగా" అంటుంది, వచ్చే వారం మళ్ళీ అదే. ఈయన ఫోను తీసుకుని "అక్కా, పండు వస్తున్నాడు" అని పెట్టేశారు. నాకు ఆ మూడు ముక్కలూ అనడం ఎందుకు రాదో. నేనైతే రూళ్ళు చెప్తాను. రూళ్ళు చెప్పినంతసేపూ, రూలు ఒప్పుకుంటే వదిలేసేదాన్నే అన్నట్టు ఉండదూ?

మెడికల్ సంగతి రాద్దామనే అనుకున్నాను, బాగా జరిగింది. ఎక్స్‌రే దగ్గర ఊపిరి బిగబట్టమన్నారు. బిగబట్టాడు. తీశాక కూడా వదల్లేదు. ఆ టెక్నీషియనబ్బాయి పరిగెత్తుకొచ్చి "వదులు బ్రదర్ వదులు" అన్నాడు. పండు ఆ మాట ఇంటికొచ్చి వందసార్లు అన్నాడు. వేలిముద్రల రోజైతే పది వేళ్ళూ ఇచ్చి కాళ్ళవి కూడా ఇస్తానన్నాడు. పద్దెనిమిది దాటింది కాబట్టి వాడికీ పోలీసు సర్టిఫికెట్టు కావాలి, కేసులేవీ లేవని. విచారణకి వచ్చిన కానిస్టేబుల్ని కూర్చోబెట్టి వాడే మంచినీళ్ళిచ్చాడు. ఆ నాలుగు రోజులూ నేను వాడి మీద అరవలేదు కూడా.

చిన్నది ఇందాక నీళ్ళకి వచ్చి, నా భుజం మీంచి ఉత్తరం చదివింది. చదవద్దన్నా చదివింది. "అన్నయ్యకి ఇందులో ఏముందో చెప్పారా?" అంది. "వాడికేం అర్థమవుతుందే?" అన్నాను. "బస్సు నంబర్లన్నీ వచ్చు వాడికి, ఇది రాదా?" అని వెళ్ళిపోయింది. వయసు అలాంటిది, మాట్లాడితే తలుపు చప్పుడు.

కానీ నిజమే, చెప్పలేదు. కెనడా వెళ్తున్నాం అని మాత్రం చెప్పాం. అక్కడ బస్సులో కండక్టరు ఉంటాడా అని అడిగాడు. డ్రైవరొక్కడే ఉంటాడు, కార్డు ఆనిస్తే చాలు అని ఈయన సంబరంగా చెప్పారు. పండు ఏమీ అనలేదు. లోపలికెళ్ళి తన టికెట్ల డబ్బా తెచ్చి మా ముందు పెట్టి, మూత తీసి, మూత పెట్టి, తీసుకెళ్ళిపోయాడు. వాడికి టికెట్టు అంటే ఎవరో చింపి చేతికివ్వాలి. దీన్ని ఏ ఉత్తరంలో పెట్టాలో ఆ కన్సల్టెంటు కూడా చెప్పలేదు.

ఒంటిగంటన్నర. ఉత్తరం మళ్ళీ తెరిచాను. ఎర్రగీత తీసేసి ఇలా మార్చాను: "మా అబ్బాయి తన గుండీలు తనే పెట్టుకుంటాడు. అది నేర్చుకోవడానికి ఎనిమిది నెలలు పట్టింది. జీతం వచ్చే పని చెయ్యలేడు." మూడు వాక్యాలు. మూడూ నిజం. ఒకదానికొకటి అడ్డం రావట్లేదు, నాకైతే. ఆఫీసరుకి వస్తాయేమో.

పంపేశాను. పొద్దున్నే మళ్ళీ ఎర్రగా తిరిగొస్తుంది, ఈసారి "మేడమ్ ప్లీజ్" అని ఉంటుంది. వస్తే కొట్టేయనిస్తానేమో కూడా. పొద్దున్న నేను వేరే మనిషిని.

అన్నట్టు వాడి నీలం చొక్కాకి రెండో గుండీ ఊడి నాలుగు రోజులైంది. ఊడిన గుండీ జేబులో పెట్టుకుని తిరుగుతున్నాడు, కుట్టమని రోజూ చూపిస్తున్నాడు. దారం ఎక్కడ పెట్టానో.