బనీను తిరగేసి వేసుకున్న రోజులు

మొదట గ్యాస్ అనుకున్నాను. ఎడమ పక్క రొమ్ము కింద నుంచి వీపు దాకా ఒకటే సలుపు. ఈసీజీ తీయించాం, బాగానే ఉంది. మూడు రోజులు బామ్ రాసుకుంటూ, ఇబుప్రొఫెన్ మింగుతూ తిరిగాను. నాలుగో రోజు పొద్దున చొక్కా విప్పితే మా ఆవిడ, "ఏంటండీ ఈ పొక్కులు?" అంది. మా అత్తగారు ఒక్క చూపులో తేల్చేశారు, సర్పి అని. పొక్కులు పాములా ఒంటి చుట్టూ తిరిగి తలా తోకా కలిస్తే ప్రాణానికే ముప్పట, మంత్రం వేయించాలట.

డాక్టర్ దగ్గరికి ఆ రోజే వెళ్లాం. చిన్నప్పుడు నాకు ఆటలమ్మ పోసింది. ఆ వైరస్ ఒంట్లోంచి పోదట. వెన్నెముక పక్కన నరాల ముడుల్లో నక్కి, ఇన్నేళ్లకి ఒక నరం వెంట బయటికొచ్చింది. ఆ నరం ఒక పక్కదే కాబట్టి పొక్కులూ ఆ పక్కనే ఆగుతాయి. తలా తోకా కలిసే భయం అక్కర్లేదన్నారు. పొక్కులు కనబడిన 72 గంటల్లోపు మందు మొదలవ్వాలి కాబట్టి వాలాసైక్లోవిర్ వెంటనే రాశారు.

మూడు వారాల్లో పొక్కులు ఎండిపోయాయి. నొప్పి మాత్రం ఉండిపోయింది. చూడటానికి వచ్చినవాళ్లు "తగ్గిపోయిందిగా!" అనేవారు. ఏం చెప్తాం? అరచేత్తో గట్టిగా అదిమితే ఓర్చుకోగలిగేవాణ్ని, తువ్వాలు అంచు అలా రాసుకుంటే చాలు, ప్రాణం పోయినంత పనయ్యేది. ఫ్యాను గాలికి కూడా మండేది. బనీను కుట్లు తగలకుండా తిరగేసి వేసుకునేవాణ్ని.

ఇబుప్రొఫెన్ ఎందుకు పనిచేయలేదో అప్పుడు తెలిసింది. దెబ్బ తగిలిన చోట నొప్పిని రేపే ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు తయారవకుండా ఆపడం దాని పని. నా విషయంలో చెడింది కబురు మోసే నరమే. అందుకని ప్రీగాబలిన్ ఇచ్చారు. నరం కొసల్లో కాల్షియం లోపలికి వచ్చే ద్వారాలకు అతుక్కుని ఆ కబుర్లను తగ్గిస్తుందట. నిద్రయితే పట్టింది కానీ, రాత్రి బాత్రూమ్‌కి గోడ పట్టుకుని వెళ్లాల్సి వచ్చేది.

ఆ తర్వాత క్యాప్సైసిన్ క్రీము రాశారు. అంటే మిరపకాయ ఘాటే! గుంటూరు మిర్చియార్డు గాలికి తుమ్ముతూ పెరిగినవాణ్ని, నవ్వొచ్చింది. 43 డిగ్రీలు దాటిన వేడికీ, కారానికీ నరం కొసల్లో తెరుచుకునేది ఒకే ద్వారమని, దాని పేరు టీఆర్‌పీవీ1 అని శాన్‌ఫ్రాన్సిస్కోలో డేవిడ్ జూలియస్ బృందం 1997లో కనిపెట్టింది. 2021లో ఆయనకు నోబెల్ వచ్చింది. మనం కారాన్ని 'మంట' అనడం ఉత్తినే కాదన్నమాట. రోజూ పూస్తూ ఉంటే ఆ కొసలు అలిసి ఊరుకుంటాయి. మొదటి వారం మాత్రం నరకమే. ఒకరోజు చేతులు సరిగ్గా కడుక్కోకుండా కన్ను నలుపుకున్నాను, ఆ సంగతి వద్దులెండి.

డల్లాస్ నుంచి మా అబ్బాయి ఫోన్ చేసి, సుజెట్రిజిన్ అనే కొత్త మందుకి 2025 జనవరిలో అక్కడ అనుమతి ఇచ్చారని ఉత్సాహంగా చెప్పాడు. నొప్పి కబురు మోసే నరాల్లో ఉండే నావ్1.8 అనే సోడియం ద్వారాన్ని మూస్తుంది, మార్ఫిన్‌లా అలవాటు పడే భయం లేదు. తీరా చూస్తే అది ఆపరేషన్ల తర్వాత వచ్చేలాంటి కొత్త నొప్పికి. నాబోటి మొండి నొప్పికి కాదు. ఇంత సైన్సూ తెలిసి ఇంకా మిరపకాయ దగ్గరే ఉన్నామేమిటని చిరాకేసింది.

ఎనిమిదో నెలలో ప్రీగాబలిన్ కొంచెం కొంచెంగా తగ్గించి ఆపేశారు. మొన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని బండి మీద మార్కెట్‌కి వెళ్లొచ్చాను. లోపల బనీను మాత్రం తిరగేసే ఉంది.