గేర్ ఆయిల్ ఎటు పోయింది? బాబాయి యెజ్డీతో నా రెండేళ్లు

మా బాబాయి పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుగా చేసేవాడు. 1977లో కొన్న యెజ్డీ 250 మోటార్‌సైకిల్ మీదే గుడివాడ చుట్టుపక్కల పల్లెలన్నీ తిరిగాడు. అర్ధరాత్రి ఎవరి గేదె అయినా ఈనలేక అవస్థ పడుతుంటే, ఆ బండి శబ్దం వీధి మలుపులో వినపడగానే ఇంటివాళ్లకు ధైర్యం వచ్చేదట. రిటైరయ్యాక బండిని కొట్టంలో పెట్టి గోనెపట్టా కప్పాడు. ఇరవై ఏళ్లు అక్కడే ఉండిపోయింది.

2023 సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు ఆ పట్టా తీశాను. ట్యాంకు నిండా తుప్పు, సీటులో ఎలుకల గూడు. టైర్లు నేలకు అతుక్కుపోయాయి. కిక్కు రాడ్డు అంగుళం కూడా కదల్లేదు.

"పాత ఇనుము కొనేవాడు రెండుసార్లు అడిగాడు, ఇవ్వలేదురా" అన్నాడు బాబాయి. ఆ వారమే ట్రాలీ ఆటోలో వేయించుకుని విజయవాడలో మా ఇంటి వరండాకు తెచ్చాను.

ఈ బండి తెలియని ఈతరం వాళ్లకు రెండు మాటలు చెప్పాలి. 1960లో రుస్తుం ఇరానీ మైసూరులో ఐడియల్ జావా కంపెనీ పెట్టారు. చెకోస్లొవేకియా జావా బండ్లను లైసెన్సు మీద ఇక్కడ తయారు చేశారు. తర్వాత అవే యెజ్డీ పేరుతో వచ్చాయి. 1996లో ఫ్యాక్టరీ మూతపడింది. సిలిండరు ఒకటే, సైలెన్సర్లు రెండు. కిక్కు రాడ్డూ గేరు రాడ్డూ ఒకటే. లోపలికి నొక్కి పైకి తిప్పితే కిక్కు, స్టార్టయ్యాక ముందుకు వాల్చితే గేరు. పెట్రోలులో ఆయిల్ కలిపి పోయాలి. కంపెనీ పోయినా అభిమానులు పోలేదు కాబట్టి పిస్టన్లు, సీళ్లు, రబ్బర్లు ఇప్పటికీ కొత్తవి దొరుకుతున్నాయి. ఆ భరోసాతోనే పని మొదలుపెట్టాను.

విప్పడానికి మూడు వారాలు పట్టింది. ప్రతి భాగాన్నీ విప్పే ముందు ఫోటో తీశాను. నట్లు, వాషర్లు ఎక్కడివక్కడ చిన్న కవర్లలో వేసి చీటీ పెట్టాను. ఈ ఒక్క పనిలో మాత్రం బద్ధకించొద్దని గట్టిగా చెబుతాను. ఏడాది తర్వాత చేతిలో పట్టుకున్న వాషరు ఎక్కడిదో ఎవరికీ గుర్తుండదు. పట్టేసిన పిస్టన్ కోసం ప్లగ్గు రంధ్రంలోంచి డీజిల్ పోసి ఐదు రోజులు వదిలేశాను. ఆరో రోజు బండిని గేరులో పెట్టి వెనక చక్రాన్ని మెల్లగా ముందుకూ వెనక్కూ ఊపితే వదిలింది.

సిలిండరు గోడల మీద తుప్పు మచ్చలు పడ్డాయి. ఆటోనగర్‌లో లేతు పని చేసే ఒక పెద్దాయన కొలిచి చూసి, అర మిల్లీమీటరు పెద్ద పిస్టన్‌కు బోరు చేసిచ్చాడు. అసలు బోరు, అంటే సిలిండరు లోపలి వెడల్పు, 65 మి.మీ. ఇప్పుడు 65.5. నేను చేసిన పెద్ద పొరపాటు ఇక్కడే. పిస్టన్ కింద తిరిగే ఇరుసు, అదే క్రాంకు, చేత్తో తిప్పితే హాయిగా తిరుగుతోంది కదా అని ఇంజన్ కింది భాగం విప్పకుండా పైన కొత్త పిస్టన్ ఎక్కించి బిగించేశాను.

స్టార్టయింది. ఆ రోజు మా ఇంట్లో పండగే. కానీ పొగ! ఇలా పెట్రోలుతో పాటు ఆయిల్ కూడా కాల్చే టూ స్ట్రోక్ బండికి పొగ సహజమే. అయితే ఇంజన్ వేడెక్కాక అది పల్చబడాలి. ఇది వీధి చివర దాకా తెల్లగా, దట్టంగా కమ్మేసింది. పెట్రోలులో ఆయిల్ ఎక్కువ కలిపానేమోనని తగ్గించాను. కార్బొరేటర్ మూడుసార్లు విప్పి కడిగాను. ప్లగ్గు మార్చాను. ఏం చేసినా అంతే. సైలెన్సర్ చివరల నుంచి నల్లటి ఆయిల్ కారుతోంది. రెండు నెలలు నిద్ర సరిగ్గా పట్టలేదు. అంత టెన్షన్ పడ్డాను.

చివరికి బాబాయికి ఫోన్ చేశాను. ఆయనకు ఎనభై. చేతులు వణుకుతాయి, పానా పట్టలేడు. అంతా విని ఒకటే అడిగాడు: "గేర్ బాక్సులో ఆయిల్ ఎంతుందో చూశావా?"

కింది బోల్టు విప్పి కొలజాడీలోకి దించాను. లీటరు పోశాను, తిరిగింది నూట యాభై కిలోమీటర్లు. దిగింది ఆరు వందల మి.లీ. ఇంజన్ కింద నేల మీద ఒక్క మరక లేదు. మిగతా ఆయిల్ ఎటు పోయింది?

టూ స్ట్రోక్ ఇంజన్‌లో పిస్టన్ కింద ఉండే క్రాంకు గది కూడా ఊపిరి తీసుకుంటుంది. పిస్టన్ పైకి లేచినప్పుడు ఆ గదిలో ఖాళీ ఏర్పడి కార్బొరేటర్ నుంచి పెట్రోలూ గాలీ లోపలికి లాగుతుంది. యెజ్డీలో ఎడమవైపు, ఆ గదిని ఆనుకునే క్లచ్చు, గేర్ ఆయిల్ ఉంటాయి. రెండింటి మధ్య అడ్డు ఒక చిన్న రబ్బరు ఆయిల్ సీలు. ఇరవై ఏళ్లు ఎండి అది చెక్కలా గట్టిపడింది. పిస్టన్ లేచినప్పుడల్లా ఇంజన్ గేర్ ఆయిల్‌ను కొంచెం కొంచెం తాగేస్తోంది. ఆ పొగ దానిది. కుడివైపు డైనమో పక్కన కూడా ఇలాంటి సీలే ఉంది. అది పోతే ఆయిల్ బదులు గాలి లాగుతుంది. పెట్రోలు పల్చబడి, ఇంజన్ వేడెక్కి పిస్టన్ పట్టేసే (సీజ్ అయ్యే) ప్రమాదం. అందుకే ఇప్పుడు ఎవరడిగినా చెబుతున్నాను: ఏళ్ల తరబడి ఆగిపోయిన టూ స్ట్రోక్ బండిని తీస్తే, బాగున్నట్టు కనిపించినా సరే, రెండు సీళ్లూ మార్చాకే కిక్కు కొట్టండి.

ఇంజన్ మళ్లీ దించాను. ఈసారి క్రాంకు దాకా విప్పాను. పిస్టన్‌ను క్రాంకుకు కలిపే కన్‌రాడ్ కింది బేరింగులో కూడా తుప్పు గుంటలు కనిపించాయి. సీలు పోవడమే మంచిదయింది, లేకపోతే ఏ హైవే మీదో ఆ బేరింగు విరిగేది. క్రాంకు ప్రెస్సు పని ఇంట్లో అయ్యేది కాదు. ఆటోనగర్ పెద్దాయనే కొత్త కన్‌రాడ్ కిట్ వేసి, రెండు వైపులా డయల్ గేజీ పెట్టి వంకర తీసిచ్చాడు. కొత్త బేరింగులను రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టి, అల్యూమినియం కేసును హీట్ గన్‌తో వేడి చేశాను. బేరింగు సుత్తి దెబ్బ అవసరం లేకుండా టక్కున దాని చోట్లో కూర్చుంది. ఆ చిన్న శబ్దం విన్నప్పుడు కలిగిన ఆనందం ఇంకా తాజాగానే ఉంది.

స్పార్కు ఎప్పుడు రావాలో నిర్ణయించే పాయింట్ల సెట్టింగుకు బాబాయిని పిలిపించుకున్నాను. గ్యాప్ 0.4 మి.మీ. పెట్టి, పిస్టన్ పైకి చేరడానికి ముందే స్పార్కు వచ్చేలా చిన్న బల్బు కట్టి చూసుకున్నాను. కొలత సరిగ్గానే ఉంది. బాబాయి కుర్చీలో కూర్చుని కళ్లు మూసుకుని విన్నాడు. "కొంచెం ముందుకొచ్చింది, వెనక్కి జరుపు" అన్నాడు. వెంట్రుకవాసి జరిపాను. నిదానంగా, దెబ్బ దెబ్బకూ విడిగా కొట్టుకునే ఆ పాత శబ్దం అప్పుడు వచ్చింది.

ట్యాంకులో వెనిగర్ పోసి, గుప్పెడు నట్లు వేసి ఊపి, చివర్లో వంటసోడా కలిపిన నీళ్లతో కడిగాను. ఇప్పటి పెట్రోలులో ఇరవై శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. అది తేమను పట్టుకుంటుంది, పాత రబ్బరును పాడు చేస్తుంది. అందుకని పెట్రోలు పైపు కొత్తది వేశాను. పది రోజులు నడపనంటే కార్బొరేటర్ ఖాళీ చేసి పెడుతున్నాను.

ఒక బాధ మాత్రం మిగిలిపోయింది. ట్యాంకు బ్యాడ్జీలను పాలిష్‌కు ఇచ్చాను. మెరుపు కోసం అరగదీసి అక్షరాల అంచులే లేకుండా చేశారు. అసలైన భాగాలను తడిగుడ్డతో తుడిచి అలాగే ఉంచడం మేలని అప్పుడర్థమైంది. అందుకే టూల్ బాక్సు మీద పాత రంగు, ఇంజెక్షన్ల పెట్టె రాసుకుని పడ్డ గీతలు అలాగే ఉంచేశాను. ఇంజన్ నంబరు, ఛాసిస్ నంబరు మీద ఎమరీ పేపర్ తగలనివ్వలేదు. రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కు వెళ్తే ముందు చూసేది వాటినే. యాభై ఏళ్లు దాటిన బండ్లకు వింటేజ్ రిజిస్ట్రేషన్ ఇచ్చే నిబంధన 2021లో వచ్చింది. రెన్యువల్ నాటికి మా బండికి యాభై నిండలేదు. పైగా అలాంటి బండిని రోజూ తిప్పకూడదు. నాకు ఇది రోడ్డు మీదే కావాలి. అందుకే మామూలుగా ఐదేళ్లకు రెన్యువల్ చేయించాను.

మొదటి ఐదు వందల కిలోమీటర్లు లీటరుకు 50 మి.లీ. ఆయిల్ కలిపి, నలభై దాటకుండా నడిపాను. మొన్న ఆదివారం ఊరికి కూడా దాని మీదే వెళ్లాను. బాబాయి వాకిట్లోనే బండి ఆపి, కింద కొలజాడీ పెట్టి గేర్ ఆయిల్ దించాను. లీటరు గీతకు వేలెడు కిందకు వచ్చి ఆగింది. ఆ మాత్రం లోపల గోడలకు అంటుకుంటుంది. బాబాయి వంగి ఒక చుక్క వేళ్ల మధ్య రుద్ది, సీలు దాటి పెట్రోలు వచ్చిందేమోనని వాసన చూశాడు.

"పెట్రోలు వాసన లేదు. కొత్తది పోసెయ్యి" అన్నాడు.