టొరంటో చలికి పాలరాయి ఆగలేదు

టొరంటోలో బ్యాంకుల, ఆఫీసుల వీధి బే స్ట్రీట్ చుట్టుపక్కల కొత్తగా చేరినవాళ్ళు ముందుగా గుర్తుపట్టేది తెల్లటి టవర్‌ని. పేరు ఫస్ట్ కెనడియన్ ప్లేస్, 72 అంతస్తులు, 298 మీటర్లు. 1975 నాటి ఈ భవనానికి మొదట ఇటలీ కరారా పాలరాయి తొడిగారు, దాదాపు 45 వేల పలకలు. 2007 మేలో ఒక పలక పై అంతస్తుల నుంచి ఊడిపడింది. చుట్టూ వీధులు మూసేయాల్సి వచ్చింది. తర్వాత పాలరాయి మొత్తం ఊడదీసి తెల్లటి అద్దాలు బిగించారు. ఆ పని 2012 నాటికి ముగిసింది.

మన ఇళ్ళలో గచ్చుకి పరిచిన పాలరాయి తరాలపాటు ఉంటుంది కదా, ఇక్కడేమైంది? పాలరాయి నిండా కాల్సైట్ స్ఫటికాలే. వేడి తగిలితే స్ఫటికం ఒక దిక్కున సాగుతుంది, అడ్డదిక్కున కుంచించుకుంటుంది. పక్కపక్క స్ఫటికాలు తలో వైపు తిరిగి ఉంటాయి కాబట్టి ఒకదాన్నొకటి నెట్టుకుని వదులవుతాయి. చల్లారినా మళ్ళీ పాత కొలతకు రావు. ఆ సందుల్లోకి నీరు దిగి, రాత్రికి గడ్డకట్టి, ఇంకాస్త విడదీస్తుంది. ఎండాకాలం 30 డిగ్రీలు దాటి, చలికాలం మైనస్ 20కి పడిపోయే ఊళ్ళో ముప్పై ఏళ్ళు ఇలా జరిగితే పల్చటి పలక అప్పడంలా వంగుతుంది, బలం పోతుంది. ఈ భవనానికి సలహాదారుగా ఉన్న ఆర్కిటెక్ట్ ఎడ్వర్డ్ డ్యూరెల్ స్టోన్ చికాగోలో కట్టిన టవర్‌కీ ఇదే గతి పట్టింది. అక్కడ 1990ల మొదట్లో పాలరాయి తీసి గ్రానైట్ వేశారు.

క్వీన్ స్ట్రీట్‌లో 1899 నాటి పాత సిటీ హాల్ గడియారపు గోపురం దగ్గరా చలి పని కనబడుతుంది. మూలల్లో ఉన్న ఇసుకరాతి శిల్పాలు పాడైపోతే 1938లో దింపేశారు. 2002లో వాటి స్థానంలో కంచువి పెట్టారు.

వాతావరణానికి దీటుగా నిలిచింది మాత్రం రాయల్ బ్యాంక్ ప్లాజా అనే ఆఫీసు భవనం మీది బంగారమే. సుమారు 14 వేల కిటికీ అద్దాలకు 2,500 ఔన్సుల బంగారం పూత. అంటే ఒక్కో అద్దానికి దాదాపు అర తులం! బంగారం తుప్పు పట్టదు, వేడిని వెనక్కి తిప్పికొడుతుంది. సాయంత్రం ఎండలో ఒకసారి చూసి తీరాలి.

జనవరిలో వీటి మధ్య తిరగడానికి నేల కింద పాత్ ఉంది, 30 కిలోమీటర్ల పైచిలుకు నడవాలు. కింద ఫోన్ మ్యాప్‌ని నమ్ముకోకండి. పాత్ గుర్తులోని ఇంగ్లిష్ అక్షరాల (PATH) రంగులే దిక్కులు చెబుతాయి: ఎరుపు దక్షిణం, నారింజ పడమర, నీలం ఉత్తరం, పసుపు తూర్పు. వీధి పేరు కన్నా భవనం పేరు గుర్తుపెట్టుకుంటే త్వరగా చేరతారు. వారాంతాల్లో చాలా షాపులు మూసి ఉంటాయి.

ఇక టొరంటోలో మనం అద్దెకుండే గాజు కాండోల (ఎత్తైన ఫ్లాట్ల భవనాల) సంగతి. వీటిలో చాలావాటికి అంతస్తుకీ అంతస్తుకీ మధ్య అద్దాల చట్రాలు నిలబెడతారు. కాంక్రీటు శ్లాబు మాత్రం ఆగకుండా బయటి బాల్కనీ దాకా సాగుతుంది, చలిని లోపలికి మోసుకొస్తుంది. బాల్కనీ తలుపు దగ్గర నేల పాదాలకి జివ్వుమనేది అందుకే. అన్నం, పప్పు ఉడికిన ఆవిరంతా వెళ్ళి ఆ చల్లటి అద్దం మీదే నీరవుతుంది. అది కిందికి జారి, చట్రం మూలల్లో నల్ల బూజు పడుతుంది, చెక్క ఫ్లోరింగ్ అంచులు ఉబ్బుతాయి. రాత్రి కర్టెన్లు నిండా మూసేస్తే గది వెచ్చదనం అద్దానికి అందక తడి ఇంకా పెరుగుతుంది. జానెడు సందు వదలండి. బయట మైనస్ 20 ఉన్న రోజుల్లో ఇంట్లో తేమ 30 శాతం దాటనివ్వకండి. చిన్న తేమ మీటర్ కొనుక్కుంటే సరిపోతుంది.

ఇల్లు చూడ్డానికి వెళ్ళినప్పుడు పొయ్యి మీది ఫ్యాన్ వేసి, పైన చెయ్యి పెట్టి చూడండి. గాలి మొహం మీదికే వస్తే అది బయటికి పోవడం లేదు, బొగ్గు ఫిల్టర్ గుండా మళ్ళీ ఇంట్లోకే వస్తోంది. అలాంటి ఇంట్లో వంట చేసేటప్పుడు బాత్‌రూమ్ ఫ్యాన్ కూడా వేసి, పొయ్యి ఆపాక మరో ఇరవై నిమిషాలు నడవనివ్వాలి.